సీటు కింద రబ్బరు గొట్టం

పన్నెండేళ్ళుగా ఈ మాట కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. నా భార్యకి చెప్పలేదు. వ్యాపారంలో నాతో సగం జీవితం గడిపిన వాళ్ళకి చెప్పలేదు. పుష్కరాల్లో గోదావరిలో మూడు మునకలు వేసినప్పుడు కూడా లోపల్లోపల అనుకున్నానే తప్ప పెదవి కదపలేదు. కొన్నాళ్ళు పోతే మర్చిపోతానులే అనుకున్నాను. మర్చిపోలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నేను ఒక నిఖార్సయిన మనిషిని దొంగని చేశాను. అతను దొంగ కాదని అందరికంటే బాగా తెలిసినవాణ్ణి నేనే.

అప్పట్లో నాకు కొవ్వూరులో పాత కార్ల వ్యాపారం ఉండేది. వంతెన దాటి రాజమండ్రిలో కొనడం, భీమవరం వైపు రొయ్యల చెరువుల వాళ్ళకో, జంగారెడ్డిగూడెం వైపు పామాయిలు తోటల వాళ్ళకో అమ్మడం. బోనెట్ ఎత్తకుండానే, ఇంజను చప్పుడు విని బండి జాతకం చెప్పేస్తానని నాకో పేరుండేది. అది నిజం కాదు లెండి. ముందు రోజే మెకానిక్కుని పంపించి అన్నీ కనుక్కునేవాణ్ణి. అలాంటి చిన్న చిన్న అబద్ధాలు నాకు బాగా అచ్చొచ్చాయి. పెద్దది కూడా అలాగే అరిగిపోతుందనుకున్నాను.

రాజమండ్రిలో దానియేలు మాస్టారని ఒకాయన అద్దె కార్లు నడిపేవారు. మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాక ఒక అంబాసిడర్‌తో మొదలుపెట్టి తొమ్మిది బళ్ళ దాకా తెచ్చారు. పెళ్ళిళ్ళకీ, ఆస్పత్రులకీ, ఒక పెద్ద ఆఫీసు వాళ్ళ రోజువారీ డ్యూటీలకీ ఆయన బళ్ళే. తర్వాత ఆ ఆఫీసు డ్యూటీలు ఎవరో హైదరాబాదు వాళ్ళకి వెళ్ళిపోయాయి. కాస్త కలిగినవాళ్ళంతా సొంతానికి మారుతీలు కొనుక్కున్నారు. మాస్టారి బళ్ళు ఆవరణలో వరసగా దుమ్ము పట్టిపోయాయి. ఫైనాన్సు వాళ్ళు పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టారు. ఆయన అమ్మేస్తున్నారని తెలియగానే మాలాంటి వాళ్ళమంతా చుట్టూ చేరాం. కష్టంలో ఉన్నాయన దగ్గర చవగ్గా కొనడం తప్పని అప్పుడు అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. నా తప్పు అది కాదు.

మాస్టారి దగ్గర ఒక పద్ధతి ఉండేది. బండికొక డ్రైవరు. ఆ డ్రైవరు తప్ప ఇంకొకరు ఆ స్టీరింగు ముట్టుకోకూడదు. అమ్మేటప్పుడు కూడా అదే పట్టు పట్టారు. బండి కొన్నవాళ్ళు డ్రైవర్ని కూడా తీసుకోవాలి, ఏడాది పాటు పనివ్వాలి. అలా ఒప్పుకున్న వాళ్ళకి ధర తగ్గిస్తానన్నారు. మిగతా బేరగాళ్ళు నవ్వారు. బండితో పాటు ఇల్లరికపు అల్లుణ్ణి కూడా తెచ్చుకోవాలా ఏంటని ఒకాయన నా చెవిలో గొణిగాడు. నేను నవ్వలేదు, ఒప్పుకున్నాను. ధర తగ్గుతుంది కదా.

మూడు అంబాసిడర్లు తీసుకున్నాను. వాటి డ్రైవర్లలో ఇద్దరు తమ దారి తాము చూసుకున్నారు. మూడో అతను సత్తిబాబు. నలభై ఏళ్ళుంటాయి. తెల్ల అంబాసిడర్ని పదకొండేళ్ళుగా అతనే నడుపుతున్నాడు. ఏం చెప్పినా "ఆయ్" అనేవాడు. అడగనిదే మాట్లాడేవాడు కాదు.

తాళాలిచ్చే రోజు మాస్టారు ఆ తెల్ల బండి బోనెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. కొన్న రోజూ చేస్తారట, పంపించే రోజూ చేస్తారట. సత్తిబాబు చెప్పులు విడిచి పక్కన నిలబడ్డాడు. "ప్రభువా, ఈ బండినీ, ఈ సత్తిబాబునీ నీ ఎదుట ఈ తమ్ముడి చేతుల్లో పెడుతున్నాం" అన్నారు మాస్టారు. చివర ఆయన ఇంట్లోవాళ్ళంతా ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. మా ఇంట్లో పొద్దున్నే వెంకటేశ్వర స్వామికి దణ్ణం పెట్టుకుని బయల్దేరేవాణ్ణి, నాకు ఆమెన్‌తో ఏం పని? మర్యాద కోసం అన్నాను. ఒప్పందం రాసుకుందామా అని అడగబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "కాగితం ఎందుకండి, ఆమెన్ అన్నారుగా" అన్నారు. ఆయన లెక్కలో అది ఒట్టు. ఆ సంగతి నాకు అక్కడే అర్థమైంది. అర్థమయ్యే ఊరుకున్నాను, కాగితం లేకపోతే నాకే మంచిదని.

రెండు నెలలు గడిచాయి. సత్తిబాబు పొద్దున్నే రైలెక్కి వంతెన దాటి వచ్చి, మా షెడ్డులో ఆకుపచ్చ రబ్బరు గొట్టంతో బండి కడిగి, నన్ను తిప్పి, సాయంత్రం మళ్ళీ రైలెక్కి వెళ్ళిపోయేవాడు. ఒక్క తప్పు పట్టడానికి లేదు. అప్పుడే భీమవరం దగ్గర చెరువులున్న ఒకాయన ఆ తెల్ల బండి మీద మనసు పడ్డాడు. నేను కలలో కూడా అనుకోని ధర చెప్పాడు. అయితే ఆయనకి సొంత డ్రైవరున్నాడు, సత్తిబాబు అక్కర్లేదు.

మాస్టారి దగ్గరికి వెళ్ళి, ఇదీ సంగతి, మాట తప్పుతున్నాను, తగ్గించిన డబ్బు ఇచ్చేస్తాను అని చెప్పెయ్యొచ్చు. సత్తిబాబుని ఇంకో బండి మీద పెట్టొచ్చు. ఎందుకు చెయ్యలేదు? మాస్టారి దగ్గర ఇంకా రెండు బళ్ళున్నాయి. అవీ నాకే ఇస్తానన్నారు. మాట తప్పిన వాడికి ఆయన ఇవ్వరు. కాబట్టి మాట నేను తప్పినట్టుండకూడదు. తప్పు సత్తిబాబు వైపు నుంచి రావాలి. ఇంత తేలిగ్గా, ఇంత వరసగా ఆలోచించాను. నాలో ఎవరో ఒకరు వద్దని ఉంటారనీ, నేను వాణ్ణి గదమాయించి ఉంటాననీ ఇన్నేళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఎవరూ వద్దనలేదు.

డీజిల్ బండి నడిపేవాడి సీటు కింద రబ్బరు గొట్టం దొరికితే ఇంక సాక్ష్యం అక్కర్లేదు. ట్యాంకులో పెట్టి, నోటితో లాగి, క్యానులోకి వదిలి అమ్ముకుంటున్నాడని అర్థం. ఆ మధ్యాహ్నం సత్తిబాబు అన్నం తినడానికి పక్కకి వెళ్ళాడు. షెడ్డులో కడిగే గొట్టం చివర రెండు మూరలు కోశాను. చుట్ట చుట్టి ముందు సీటు కింద పెట్టాను. కాస్త డీజిల్ కూడా రాశాను, వాసన కోసం. ఆ చిన్న పని చాలా శ్రద్ధగా చేశాను. అన్నిటికంటే అదే నన్ను ఎక్కువ బాధ పెడుతుంది.

సాయంత్రం టాక్సీ స్టాండు దగ్గర బండి ఆపించాను. నలుగురైదుగురు డ్రైవర్లు టీ తాగుతున్నారు. సీటు కదులుతోంది, బోల్టు బిగించమని అక్కడున్న మెకానిక్కుని పిలిచాను. అతను సీటెత్తి, గొట్టం బయటికి లాగి, వాసన చూసి నా చేతికిచ్చాడు. టీ తాగుతున్న డ్రైవర్లంతా దగ్గరికొచ్చి చూశారు. అందరూ వినేలా అడిగాను.

"ఏంటి సత్తిబాబూ, ఇది?"

అతను గొట్టం వంక చూశాడు. రోజూ తన చేతిలో ఉండే గొట్టం. ఆ ఆకుపచ్చ రంగు, ఆ చివర పగుళ్ళు అతనికి తెలియకుండా ఎలా ఉంటాయి? తర్వాత నా వంక చూశాడు. ఇప్పుడు అంటాడు, ఇది మీ షెడ్డులోదేనండి అంటాడు అనుకున్నాను. 

"నాది కాదండి" అన్నాడు. అంతే. తాళం బోనెట్ మీద, మాస్టారు ప్రార్థన చేసిన చోటే పెట్టాడు. స్టేషను వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

అతను రైలు దిగేలోపే ఆ మాట రాజమండ్రి స్టాండుకి చేరిపోయింది. మర్నాడు దానియేలు మాస్టారు మా షెడ్డుకి వచ్చారు. తిడతారనుకున్నాను. నిలదీస్తారనుకున్నాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని క్షమించమన్నారు. దొంగని మీకు అంటగట్టానండి, దేవుడి పేరు చెప్పి మరీ అంటగట్టాను అన్నారు.  నిజం చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం నాకు మళ్ళీ రాలేదు. చెప్పానా? "పర్లేదండి మాస్టారూ, మనుషుల్ని ఎవరు కనిపెట్టగలరు" అన్నాను. మిగిలిన రెండు బళ్ళూ ఆయన ఏ షరతూ లేకుండా నాకిచ్చేశారు. ఇక ఎవరి తరఫునా మాట ఇవ్వలేనన్నారు. ఆ రెండు బళ్ళ డ్రైవర్లకి కూడా నా వల్లే ఆధారం పోయింది. వాళ్ళ పేర్లు కూడా నేను అడగలేదు.

తెల్ల బండిని ఆ వారమే భీమవరం ఆయనకి అమ్మేశాను. సత్తిబాబుకి రాజమండ్రిలో మళ్ళీ ఎవరూ స్టీరింగు ఇవ్వలేదని తర్వాత విన్నాను. విని ఊరుకున్నాను.

పోయిన వేసవిలో మొగల్తూరు దగ్గర ఒక చెరువుల ఆసామి పాత జీపు అమ్ముతాడంటే చూడ్డానికి నా కారులో వెళ్ళాను. గట్టు మీద నెరిసిన జుట్టుతో, తలకి తువ్వాలు చుట్టుకుని ఒక మనిషి, చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ తీగలు సర్దుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"బాగున్నారాండి?" అన్నాడు సత్తిబాబు.

 ఆసామికి మా సంగతేమీ తెలియదు. మంచివాడండి అని నాతో చెప్పాడు. ఒకటే చాదస్తం, రోజూ ఇంటికెళ్ళేటప్పుడు సంచీ విప్పి చూపిస్తాడు, వద్దన్నా వినడు అని నవ్వాడు. ఆ సాయంత్రం సత్తిబాబుకి నరసాపురంలో పనుందట. అతన్ని దారిలో దింపెయ్యమని ఆసామి నాతో అన్నాడు.

నేను నడుపుతున్నాను. అతను పక్క సీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంటూ ఒక్కో ఊరూ దాటించాను. అడగనిదే మాట్లాడని మనిషి, ఆ రోజు తనే అడిగాడు.

"ఆ తెల్ల బండి ఇప్పుడెవరి దగ్గరుందండి?"

తెలియదన్నాను.

"మాస్టారు పోయారండి. వెళ్ళాను. గేటు బయటే నిలబడొచ్చేశానండి. లోపలికెళ్ళడానికి మొహం చెల్లలేదు."

మొహం చెల్లనిది అతనికట! నేను రోడ్డు వంకే చూశాను. నరసాపురం బస్టాండు వచ్చింది. అతను దిగి, తలుపు వెయ్యకుండా పక్కకి జరిగి, చేతిలో సంచీ నోరు తెరిచి పట్టుకున్నాడు.

"సీటు కింద కూడా ఓసారి చూస్కోండి."

ఎత్తిపొడుపా? గొంతులో ఎక్కడా ఆ జాడ లేదు. ఎత్తిపొడుపే అయి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. ఏళ్ళ తరబడి అని అని అలవాటైన మాటలా అన్నాడు. వద్దు సత్తిబాబూ, ఆ పని చేసింది నేనయ్యా అనడానికి ఒక్క క్షణం చాలు. నేనేం చేశానో తెలుసా? వంగి చూశాను. నిజంగానే వంగి, సీటు కింద చూశాను. ఇసుక, ఒక పాత పేపరు ముక్క.

"ఏం లేదు" అన్నాను.

"ఆయ్" అని తలుపు మెల్లగా వేసి వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచి నాకు నిద్ర సరిగా లేదు. మీరు నన్ను క్షమించాలని ఇది రాయడం లేదు. అది మీ చేతుల్లో లేదు. అతని చేతుల్లో ఉంది, అతని దగ్గరికి వెళ్ళే ధైర్యం నాకింకా రాలేదు. వస్తుందో రాదో కూడా తెలియదు. కానీ ఒక్క మాట, ఎవరో ఒకరి ఎదుట, నా చేత్తో రాయాలి. రాస్తుంటే ఇన్నేళ్ళకి మొదటిసారి కాస్త ఊపిరాడుతోంది.

ఆ గొట్టం మా షెడ్డులోది. కోసింది నేను. పెట్టింది నేను. సత్తిబాబు సీటు కింద ఏ రోజూ ఏమీ లేదు.