ముగ్గుపిండితో గీసిన పటం

ఇవాళ కోవూరు అంగట్లో ముగ్గుపిండి కొంటుంటే, వేళ్లకు అంటుకున్న ఆ గరుకుదనానికి మన సోషల్ సార్ గుర్తొచ్చారు. మనుబోలులో నాతో ఐదో తరగతి చదివినవాళ్లు ఆయన్ను మరిచిపోయి ఉండరు.

ఒకరోజు ఆయన బడి ఆవరణలో ముగ్గుపిండితో మన మండలం పటం గీశారు. దిక్కులు చూపించి, రోడ్లకూ చెరువులకూ గుర్తులు పెట్టి, "ఎవరిల్లు ఉన్నచోట వాళ్లు నిలబడండి" అన్నారు. మనమంతా తోసుకుంటూ నిలబడ్డాం. ఆ ఏడే కొత్తగా చేరిన పద్మ మాత్రం పటం దాటి, దక్షిణం వైపు గేటు దాటి, రోడ్డు మీద నిలబడింది. మనం నవ్వాం.

"యాడికి పోతా ఉండావు? మీ ఇల్లు బజారు వీధిలో గదా?" అన్నారు సార్.

"అది మా అత్తోళ్ల ఇల్లు సార్. మాయమ్మ పులికాట్ ఒడ్డున ఉండాది. ఎంత దూరమో తెలీదు, వచ్చేటప్పుడు నిద్రపోయినాను."

సార్ ముగ్గుపిండి బకెట్ తీసుకుని బయటికి వచ్చి, గూడూరు, నాయుడుపేట గుర్తులు పెట్టుకుంటూ ఆమె కాళ్లదాకా గీత గీశారు. అంతలో సూళ్లూరుపేట బస్సు వచ్చి ఆగింది.

"రెండు నిమిషాలు ఆగన్నా, ఈ పాపోళ్ల ఊరు గీస్తా ఉండాం" అన్నారు సార్.

డ్రైవరు దిగి ఆ ఊరి పేరు అడిగాడు. పద్మ చెప్పింది. "మీ ఊరి అడ్డరోడ్డు మీదనే రోజూ పోతాను గదమ్మా!"

శనివారం వాళ్లత్త పద్మను ఆ బస్సే ఎక్కించింది. సోమవారం తిరిగొచ్చిన పద్మ, పుస్తకాల సంచి కూడా దించకుండా సార్ దగ్గరికి వెళ్లింది.

"సార్, నాయుడుపేట మీరు పెట్టినచోటే ఉండాది."