చామంతులకు కట్టిన రబ్బరు పట్టీలు

ఈ ఏడు వానలు కాస్త తగ్గుముఖం పట్టాక, చామంతి మొక్కలకు పుల్లలు పాతుదామని కొట్టుగదిలోంచి పాత బిస్కెట్ల డబ్బా తీశాను. దారపు ముక్కలు, చీరల అంచులు, మొక్కలకు కట్టడానికి పనికొస్తాయనుకున్నవన్నీ ఏళ్లుగా అందులోనే వేస్తూ వస్తున్నాను. అడుగున పదో పన్నెండో రబ్బరు పట్టీలు కనబడ్డాయి. సైకిల్ ట్యూబును సన్నగా కత్తిరించిన పట్టీలు. ఒకటి సాగదీసి చూస్తే పుటుక్కున తెగిపోయింది. మొక్కల పని ఆ పూటకి ఆపేశాను. ఆ పట్టీలు ఇచ్చిన మా పక్కింటి వదినగారు మొన్న ఎండాకాలంలో పోయారు. ఆవిడ గురించి రాయాలని అప్పటి నుంచీ అనుకుంటున్నాను గాని, పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు లేని గొప్పలు వచ్చి చేరతాయన్న భయంతో వాయిదా వేస్తూ వచ్చాను. అందుకని జరిగిన ఒక్క సంగతే చెబుతాను.

కర్మన్‌ఘాట్‌లో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు మా కాలనీలో సగం స్థలాలు ఇంకా ఖాళీగానే ఉండేవి. మేం కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్లం, మావారిది దిల్‌సుఖ్‌నగర్‌లో ఉద్యోగం, నేను ఎల్బీనగర్ దగ్గర సర్కారు బడిలో టీచరుని. పక్కింటివాళ్లది పోచంపల్లి దగ్గర ఊరు. ఆవిడ పుట్టింట్లో తరతరాలుగా మగ్గమే తిండి పెట్టింది. భర్త మాత్రం మగ్గం వదిలి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టుకున్నారు. పొద్దున పోతే రాత్రి భోజనానికే ఇంటికి రావడం. రెండిళ్లకీ మధ్య నడుమెత్తు గోడ, అందులో మనిషి పట్టేంత సందు ఒకటి. మేస్త్రీ తరవాత పూడుస్తానని వదిలేసి మళ్లీ రాలేదు, మేమూ పిలవలేదు. నేను ఆవిడని వదినగారూ అనేదాన్ని, ఆవిడ నన్ను వదినె అనేవారు. ఆ లెక్కన ఆవిడ భర్త నాకు అన్నయ్యగారు, నేను ఆయనకి చెల్లె. ఆయన సరదా మనిషి, కొన్నేళ్లు పోయాక భార్యని ఎప్పుడూ "ఆగమాగం మనిషి" అని ఆటపట్టించేవారు. నాకది వింతగా ఉండేది. నేను చూసిన మనుషుల్లో ఆవిడంత నిదానం ఇంకెవరికీ లేదు. చిక్కుపడిన దారాన్ని ఎంతసేపైనా కూర్చుని విడదీసేవారు తప్ప తెంపేవారు కారు. భర్తలు భార్యలకి పేర్లు పెడుతూనే ఉంటారు కదా అని నేను దాని గురించి మరి ఆలోచించలేదు.

భాద్రపదం వెళ్లి ఎండ కాస్త తెల్లబడేసరికి రెండు పెరళ్లలోనూ పనులు మొదలయ్యేవి. మెట్ల మీద నాచు గీకడం, చిక్కుడుకు పందిరి వేయడం, గులాబీ కొమ్మలు కత్తిరించడం, ఎండిన బంతిపూలు కాగితం మీద దులిపి గింజలు దాచడం. తుర్కయంజాల్ వైపు నుంచి పశువుల ఎరువు బండి వస్తే ఇద్దరం చెరి సగం వేయించుకునేవాళ్లం. నేను ఎరువు అంటే బండివాడు వినిపించుకునేవాడు కాదు, ఆవిడ పెంట అంటే ఠక్కున ఆగేవాడు. పనులన్నిటిలోకీ నాకు ఇష్టమైంది చామంతులు నిలబెట్టడం. మొగ్గ తొడిగే ముందు పుల్ల ఆసరా లేకపోతే గాలివానకి అన్నీ ఒరిగిపోతాయి.

తోటపని అయ్యాక ఆవిడ జామచెట్టు కింద చెక్క చట్రం వేసుకుని కూర్చునేవారు. చట్రం మీద తెల్ల దారం బిగించి, ఎక్కడ తెలుపు మిగలాలో అక్కడ రబ్బరు పట్టీతో గట్టిగా ముడి వేసి, మొత్తం దారాన్ని రంగులో ముంచేవారు. ఆరాక ముడులు విప్పితే కట్టినచోట తెలుపు, కట్టనిచోట రంగు. దుకాణానికి అలా నల్లవో నీలానివో చున్నీల దారాలు ఏడాదికి కొన్ని చేసేవారు. విప్పిన పట్టీలు గోడ మీద మేకుకి తగిలించేవారు. అవి నావి. చామంతులకు అంత మెత్తగా పట్టే కట్టు మరొకటి లేదు.

ఆ ఏడు మాత్రం ఆవిడ చున్నీ కట్టలేదు. ఊళ్లో వాళ్ల నాన్నగారికి చూపు మందగించింది. దీపావళికి మగ్గం విప్పేస్తానని కబురు చేశారు. ఈలోగా ఆయన మగ్గం మీద తన చేత్తో కట్టిన చీర ఒక్కటైనా నేయించుకోవాలని ఆవిడకి పట్టుదల కలిగింది. దుకాణం నిండా చీరలుండగా ఇంకెందుకని భర్త నవ్వితే, "అవి కొన్నయి, ఇది కట్టింది" అన్నారట. కొంగు మీద చిలకల వరుసలు. నమూనా వాళ్ల నాన్నగారే, కళ్లు బాగున్న రోజుల్లో, గళ్ల కాగితం మీద గీసిపెట్టింది. చీర ఒంటికి కావలసిన దారం అప్పటికే మగ్గం ఎక్కింది. కొంగుకు అడ్డంగా నేసే దారం ఒక్కటీ ఆవిడ కట్టి రంగు వేసి తీసుకెళ్లాలి.

దసరా సెలవుల ముందు ఆవిడ రెండు రోజులు పుట్టింటికి వెళ్లారు. ఆ సాయంత్రం ఈదురుగాలి మొదలైంది. నా చామంతులు నలభైకి పైగా, అన్నీ ఊగుతున్నాయి, గోడ మీద మేకు ఖాళీగా ఉంది. తొంగి చూస్తే జామచెట్టు కింద చట్రం మీద దారం, చక్కటి పసుపు రంగు, పొడిగా ఆరి ఉంది, దాని నిండా పట్టీలు. రంగు అయిపోయింది, విప్పడమే మిగిలిందనుకున్నాను. అన్నేళ్లూ నేను చూసింది ఒక్క రంగు పనే. సందులోంచి వెళ్లి, పీట వేసుకుని, ఒక్క పోగు తెగకుండా రెండు గంటలు కూర్చుని ముడులన్నీ విప్పాను. ఆవిడ పని సగం చేసిపెట్టానన్న సంతోషం కూడా కలిగిందని చెప్పాలి. తరవాత ఆ పట్టీలతో నా చామంతులన్నిటినీ పుల్లలకు కట్టుకున్నాను.

మర్నాడు ఆవిడ వచ్చి చట్రం ముందు నిలబడిపోయారు. తరవాత తలెత్తి గోడ మీదుగా నా మొక్కల వంక చూశారు. ప్రతి మొక్కకీ నల్ల పట్టీ.

"వదినె, దీనికి ఇంకా ఎరుపు ఎయ్యాలె" అన్నారు.

చిలక కన్ను తెలుపు, రెక్క పసుపు, చుట్టూ నేల ఎరుపు. పసుపు వేశాక, పసుపుగా మిగలవలసిన చోట్లన్నీ కొత్తగా ముడి వేసి ఎరుపులో ముంచాలి. ఆ ముడులు కట్టడానికే ఆవిడకి ఇరవై రోజులు పట్టింది. అవన్నీ నేను విప్పేశాను. తెల్ల చుక్కలు కనబడుతున్నాయి గాని రెక్కల జాడ పసుపులో పసుపుగా కలిసిపోయింది. ఆవిడ దారం వేళ్ల మధ్య పట్టుకుని చూసి, "ఇప్పితే ఇప్పినవ్ గానీ మస్తు సాఫ్‌గ ఇప్పినవ్, మా బాపు చూస్తే నిన్ను కూలికి పెట్టుకుంటుండె" అన్నారు. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. అన్నయ్యగారితో నేనే చెప్పి క్షమించమని అడుగుతానంటే, "నీ అన్నకు నేను చెప్త తియ్యి, నువ్వు జల్ది పట్టీలు పట్కరా" అన్నారు.

వెళ్లి నలభై మొక్కల కట్లూ విప్పి తెచ్చాను. ఆ సెలవులన్నీ ఇద్దరం చట్రానికి చెరోవైపు కూర్చున్నాం. ఆవిడ నమూనా కాగితం చూసి గుర్తులు పెడుతుంటే, ఒక వరుస చిలకలు నేను కట్టాను. నా ముడి ఎప్పుడూ వదులే. "గట్టిగ గుంజు వదినె. చామంతికి కట్టినట్టు కడితే ఎట్ల? మొక్కకైతే ఊపిరాడాలె, దీనికి ఆడొద్దు" అనేవారు. ఇన్నేళ్ల తోటపనిలో మొక్క కాండం కోసుకుపోకుండా వదులుగా కట్టడం వేళ్లకి అలవాటైపోయింది. బిగించానని నేననుకున్నవి కూడా బిగియలేదు.

ఎరుపు వేసి విప్పినప్పుడు ఆవిడ చిలకలు ముక్కుతో సహా తేటగా వచ్చాయి. నా వరుసలోకి ఎరుపు పాకింది. "నీ చిలకలు వానల తడిసినయ్" అని నవ్వారు. ఆ దారం తీసేయమన్నాను. తీసేస్తే కొంగు పొట్టిదవుతుందని ఒప్పుకోలేదు. దారం సంచిలో పెట్టుకుని, ఏడేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సెక్కారు. దీపావళికి రెండు రోజుల ముందు చీర మగ్గం దిగింది, దాని వెనకే మగ్గమూ దిగింది. నా చామంతులు ఆ ఏడు నేల మీద పాకి పూశాయి.

ఆ చీర ఆవిడ ఏటా సద్దుల బతుకమ్మకి కట్టుకునేవారు. పక్కపక్కన నడిచేటప్పుడు నా కళ్లు ఆ వరుస మీదికే పోయేవి. ఆవిడ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తరవాత వాళ్ల ఇల్లు బిల్డరుకిచ్చారు. జామచెట్టు, సందు ఉన్న గోడ పోయి, ఆ చోట కార్లు నిలిపే స్థలం, దాని చుట్టూ ఎత్తు గోడ వచ్చాయి. వాళ్లు అక్కడ లేచిన కొత్త భవనంలోనే మూడో అంతస్తులో ఉండిపోయారు. ఆవిడ బాల్కనీలో ఆరు చామంతి కుండీలు పెట్టుకున్నారు. పై నుంచి ఆవిడ, కింది నుంచి నేను కాసేపు అరుచుకుని, మెడలు నొప్పిపుట్టి, ఫోన్లకి దిగాం.

పట్టీలు దొరికిన వారానికి వాళ్లమ్మాయి ఆ చీర పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మన్సూరాబాద్‌లో కాపురం, బ్యాంకులో ఉద్యోగం. అమ్మ చీర నీ దగ్గర ఉంటే బాగుంటుందని మంచం మీద పరిచి, నా వరుస మీద చెయ్యి పెట్టి అంది: "గివి చూసినవా అత్తమ్మా, అమ్మ ఆగమాగంల రంగుకు ముందే ముడులిప్పుకున్నది కదా, అందుకే గిట్ల అయినయ్. తాత అడిగితే నేనే ఇప్పిన అని చెప్పింది, నేను ఆడనే ఉన్న. బాపు అయితే దుకాణంల గిరాకీల ముంగట గూడ, మగ్గం ఇంట్ల పుట్టి ముడులిప్పుడు తెల్వదు అని నవ్వుతుండె. నువ్వు పది దినాలు కూసోని కట్టినవంట, వదినె లేకుంటే ఈ చీర కాకపోవు అని అమ్మ ఎప్పుడు అంటుండె."

ఆగమాగం మనిషి అన్న పేరు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. నేను విప్పిన తప్పే కాదు, నా వదులు ముడుల్లోకి పాకిన ఎరుపు కూడా ఆవిడ తన మీదే వేసుకున్నారు. నేత పని తెలిసినవాళ్లింటి బిడ్డ చేయరాని తప్పు అది. ముప్పై ఏళ్లు ఆవిడ దాన్ని నవ్వుతూ భరించారు, గోడకి ఇవతల ఉండి ఆ మాట నేనూ విన్నాను.

ఆ అమ్మాయికి జరిగింది చెప్పాను. నమ్మలేనట్టు చూసి, నవ్వి, కళ్లు తుడుచుకుని, "ఇది నువ్వు బాపుకు చెప్పాలె అత్తమ్మా" అంది. నాకు వెళ్లాలనిపించలేదు. ఇంత ఆలస్యంగా చెప్పడం ఆ పెద్దాయనకి మేలు చేస్తుందో కీడు చేస్తుందో తేల్చుకోలేక రెండు రోజులు ఆగాను. మూడో రోజు చీర పట్టుకుని లిఫ్టెక్కాను.

ఆయన దుకాణం మానేసి చాలా ఏళ్లయింది. చెప్పినదంతా విని, కొంగు ఒళ్లో వేసుకుని, ఆ వరుసని వేలితో ఈ కొస నుంచి ఆ కొసకి తడిమారు. తిడతారేమో అనుకున్నాను.

"గిరాకీల ముంగట గూడ అన్న చెల్లె" అన్నారు. కొంగు మడత పెడుతూ, "ఒక్కనాడన్న నేను గాదు అనకపాయె" అన్నారు.

చీర మీ దగ్గరే ఉంచుకోండన్నాను. బాల్కనీలో ఆవిడ కుండీలు ఆరూ ఉన్నాయి, నీళ్లు పోస్తున్నారు గాని పుల్లలు పాతలేదు, కొమ్మలు కుండీ అంచు దాటి వేలాడుతున్నాయి. ఇంటికొచ్చి పుల్లలు, పాత చీర అంచు ముక్కలు తీసుకుని మళ్లీ పైకి వెళ్లాను. ఇంతకు మునుపు ఆవిడ పెరట్లోకి వెళ్లడానికి నేను ఎవరినీ అడగలేదు, అలా అడగకుండా వెళ్లి చేసిన తప్పే ఇది. ఇప్పుడు కింద వాచ్‌మన్ పుస్తకంలో పేరు రాసి, ఏ పని మీద వచ్చారో అన్నచోట ఏం రాయాలో తెలియక మొక్కలు అని రాశాను. ఒక్కొక్క కొమ్మనీ లేపి, కాండానికీ గుడ్డ ముక్కకీ మధ్య వేలు పట్టేంత వదులుంచి కట్టాను. ఆ పని నాకు వచ్చు.