జోస్యంలో సందు వద్దన్నాను

కుడికంట్లో శుక్లం ముదిరిన ఏడాదే ఆ నవలలు మళ్లీ చదవడం మొదలుపెట్టాను. లావుపాటి ఇంగ్లీషు పుస్తకాల వరస. రాజ్యాలు, మంత్రగాళ్లు, యుద్ధాలు, అన్నిటికీ నడుమ ఒక జోస్యం. ఉద్యోగంలో ఉండగా అల్లూరు నుంచి నెల్లూరుకు బస్సులో పోతూ వస్తూ మొదటిసారి చదివాను. ఇప్పుడు కిటికీ పక్కన కుర్చీ వేసుకుని ఎడమకంటితో, పూటకో అధ్యాయం. ఏ పుస్తకం చదివినా డైరీలో నాలుగు మాటలు రాసుకోవడం నా అలవాటు కనక ఆనాటి డైరీలూ దగ్గర పెట్టుకున్నాను.

కథలో రాజు దుర్మార్గుడు. ఆయుధం పట్టిన చేయి ఏదీ అతన్ని చంపజాలదని ఒక పాత శిల మీద రాసి ఉంటుంది. ఆఖరి పుస్తకంలో ఒక చేపలమ్మాయి ఉత్త చేతులతో చెరువు తూము తలుపు లాగేస్తుంది. నీళ్లొచ్చి రాజును తీసుకుపోతాయి. దాని గురించి నా పాత డైరీలో "ఎంత తెలివి! జోస్యం నిలిచింది, రాజు పోయాడు" అని ఉంది.

ఈసారి తెలివి కనిపించలేదు. అన్ని వేల పేజీల్లో ఆ రాజ్యంలో ఒక్కడంటే ఒక్కడు, ఆ రాత అబద్ధమేమో, ఓసారి కత్తి దూసి చూద్దాం అనలేదు. అందరూ చేతులు ముడుచుకుని, రాతలో సందు ఎక్కడుందా అని వెతికారు. ఈలోపు ఊళ్లు తగలబడ్డాయి. చివరికి గెలిచింది చేపలమ్మాయి కాదు, ఆ రాయి. నాకు ఒళ్లు మండింది. పుస్తకం మూసి ఆ మాటే డైరీలో రాశాను.

నేను పనిచేసింది ఇరిగేషన్ శాఖలో. పొద్దున్నే కాలువలో నీటిమట్టం చూపే గేజీ చూసి, చివరి ఆయకట్టుకు నీళ్లు ఎప్పటికి చేరతాయో చెప్పడం నా పని. ఎన్నోసార్లు తప్పాను, రైతుల చేత తిట్లు తిన్నాను, మర్నాడు లెక్క దిద్దుకున్నాను. జోస్యం చెప్పినవాడు దిద్దుకోగా నేను చూడలేదు.

ఆ రోజుల్లోనే నెల్లూరు కంటి డాక్టరు, ఇంకా ఆలస్యం చేస్తే పొర రాయిలా గట్టిపడుతుంది, చూపు నిలుస్తుందని మాట ఇవ్వలేను అన్నాడు. మా ఇంటావిడ సిద్ధాంతి గారి దగ్గరికి పోయి ఇంకో మాట తెచ్చింది. ఉగాది దాటేదాకా నా ఒంటికి కత్తి తగలకూడదట, ప్రాణగండమట. రెండు పూటలు అన్నం ముట్టకుండా కూర్చుంది. మూడో పూటకు ముఖం వెలిగింది.

"ఏవండీ, లేజరుతో చేస్తారంట గదా! అది కత్తి కాదు. సిద్ధాంతి గారు గూడా దానికి దోషం లేదన్నాడు."

సరే అంటే ఇల్లు చల్లబడేది. కానీ నా కళ్ల ముందు ఆ శిల మెదిలింది.

"డాక్టరు లేజరంటే లేజరు, కత్తంటే కత్తి. ఆయన కోసం చేయించుకుంటా గానీ మీ సిద్ధాంతి కోసం చేయించుకోను."

"పంతానికి ప్రాణం మీదికి తెచ్చుకుంటారా?"

"పంతం కాదే, కన్ను."

డాక్టరు లేజరు అక్కర్లేదు, మామూలు కత్తి పద్ధతే చాలన్నాడు. బయల్దేరే రోజు, ఎవరూ ఎదురొచ్చి "యాడికి" అని అడక్కూడదని మా ఆవిడ ఇరుగుపొరుగుకంతా ముందే చెప్పి పెట్టింది. అలా అడిగితే వెనక్కొచ్చి కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. వీధంతా నోరు కట్టుకుని నిలబడింది. ఆటో వచ్చి ఆగింది.

"యాడికి సార్?" అన్నాడు డ్రైవరు.

మా ఆవిడ తల పట్టుకుంది. "వాడికి చెప్పడం మరిచిపోతినే!"

"అడక్కుండా ఎట్టా తోలేదమ్మా?" అన్నాడతను బిత్తరపోయి.

"నెల్లూరు, కంటాసుపత్రి" అని గట్టిగా, వీధంతా వినేటట్టు చెప్పి ఎక్కి కూర్చున్నాను. మంచినీళ్ల చెంబు పట్టుకుని వచ్చిన ఆవిడ, నేను దిగనని తెలిశాక, చెంబుతో సహా పక్కన ఎక్కింది.

కత్తి తగిలింది. కన్ను వచ్చింది. కట్టు విప్పినప్పుడు మొదట చూసింది ఆవిడ ముఖాన్నే.

"నేను మొక్కుకోబట్టి గండం తప్పింది" అంది.

చూశారా, జోస్యం మళ్లీ నిలిచింది! నవ్వాలో అరవాలో తెలియలేదు.

ఎడమకంట్లోనూ శుక్లం మొదలైందన్నాడు డాక్టరు. దానికి తేదీ అడగడానికి కౌంటరు దగ్గరికి పోయాం. "అమావాస్య ఏ రోజు పడిందో చూసి ఆ రోజు వేయమ్మా" అన్నాను అక్కడి అమ్మాయితో, మా ఆవిడకు వినపడేలా.

ఆవిడ కదల్లేదు. "నేను మంచిరోజు కోసం పంచాంగం చూస్తా, మీరు చెడ్డరోజు కోసం చూస్తా ఉండారు. ఇద్దరం చూసేది ఆ పంచాంగమే గదా" అంది.

అంత లావు పుస్తకాలు రెండుసార్లు చదివి నేను పట్టుకోలేనిది అది. కౌంటరు మీదికి వంగి అన్నాను.

"అమావాస్య వద్దు తల్లీ. ముందు ఏది ఖాళీగా ఉంటే అది."

ఆ అమ్మాయి ఒక గురువారం రాసిచ్చింది. తిథి నేను చూడలేదు. మా ఆవిడ చీటీ తీసుకుని, మడిచి, చేతిసంచిలో వేసుకుంది.