అద్దాలక్క చీపురు

ఆ రాళ్ల షెడ్డుకు యజమాని ఒకడున్నాడు, రంపాలు నడిపేవాళ్లు ఏడెనిమిది మంది ఉన్నారు. కానీ నేల మాత్రం అద్దాలక్కది. అందులో ఇంకెవరికీ వాటా లేదు. వంటగది గట్లకు కావలసిన రాతిపలకల్ని కొలతకు కోసి, అంచులు నునుపు చేసి పంపే షెడ్డు అది. రోజంతా రాయి కోస్తే పిండిలాంటి తెల్లటి పొడి బల్లల మీద, కిటికీ చువ్వల మీద, చివరికి మనుషుల కనురెప్పల మీద కూడా పేరుకునేది. అంత పొడిలోనూ ఆవిడ ఊడ్చిన నేలలో ముఖం చూసుకోవచ్చని పనివాళ్లు అనేవారు. అలా పడింది ఆ పేరు. అసలు పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు.

ఆవిడ పొగరంతా ఆ నేల మీదే. పూర్వం సినిమాహాల్లో ఊడ్చేది. "అక్కడ చీకట్లో ఊడ్చినా ఒకటే, మానేసినా ఒకటే. ఇక్కడైతే చేసిన పని కంటికి కనిపిస్తుంది" అనేది. తడిగుడ్డ మాటెత్తితే ఆవిడకు ఒళ్లుమంట. రాతిపొడి తడిస్తే బంకలా అంటుకుంటుంది, ఆరాక నేలంతా చారలు తేలతాయి. అందుకని ఎప్పుడూ పొడిచీపురే. ఆ చీపురు కూడా తనే పుల్లలు ఏరి బిగించి కట్టుకున్నది. ఇంకొకరు ముట్టుకుంటే ఆ పూట షెడ్డు దద్దరిల్లేది.

ఊడ్చే వేళ కూడా ఆవిడే ఎంచుకుంది. మధ్యాహ్నం రంపాలు ఆగగానే అందరూ మూలనున్న బల్ల చుట్టూ చేరి భోజనం డబ్బాలు విప్పుతారు. సరిగ్గా అప్పుడే చీపురు అందుకునేది. "తిని లేచేసరికి కాలు పెట్టడానికి శుభ్రమైన చోటుండొద్దూ?" అనేది. ఆ బల్ల చుట్టూ మరింత శ్రద్ధగా, మళ్లీ మళ్లీ ఊడ్చేది. ఎందుకంటే అక్కడ కూర్చుని తినేవాళ్లలో ఆవిడ తమ్ముడు ఉన్నాడు.

తమ్ముడంటే మామూలు తమ్ముడు కాదు. తల్లి పోయేనాటికి వాడికి పాలపళ్లు కూడా ఊడలేదు. చంకనేసుకుని పెంచింది. పెళ్లి చేసుకుంటానని వచ్చిన లారీ డ్రైవరుతో "నాతోపాటు వీడూ వస్తాడు, ఇష్టమైతేనే మాట్లాడు" అని మొదటే చెప్పేసింది. "లారీ నడిపేవాణ్ని, నాకు చోటుకేం కొదవ" అని అతను నవ్వి ఒప్పుకున్నాడు. పెద్దయ్యాక ఆ తమ్ముడే ఈ షెడ్డులో రంపం పట్టి, అక్కకూ ఇక్కడ పని ఇప్పించాడు. ఇద్దరి కాపురాలూ ఒకే మేడ మీద, ఎదురెదురు వాటాల్లో.

ఆ తమ్ముడికి దగ్గు పట్టుకుంది. మొదట జలుబన్నాడు, తర్వాత చలిగాలి అన్నాడు, ఆ తర్వాత సిగరెట్ల మీదకు నెట్టాడు. సిగరెట్లు మానేసినా దగ్గు మానలేదు. మేడ మెట్లెక్కుతూ మధ్యలో ఆగి గోడకేసి చూస్తూ నిలబడేవాడు.

"ఏంట్రా అలా చూస్తున్నావ్?" అనేది అక్క.

"గోడ రంగు పోయిందక్కా. వేయించాలి."

ఊపిరి అందక ఆగానని చెప్పడానికి వాడికి నోరు రాలేదు. ఎక్స్‌రే చూసిన డాక్టరు మాత్రం నాన్చలేదు. రాతిపొడి లోపల చేరి ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టిందనీ, కట్టినవి ఇక పోవనీ చెప్పాడు. కొత్త దుమ్ము లోపలికి పోకుండా చూసుకుంటే ముదరకుండా ఆగొచ్చు, పోతూనే ఉంటే మాత్రం తన చేతిలో ఏమీ లేదన్నాడు. రంపం పని మానెయ్యమన్నాడు. తమ్ముడు వినలేదు. "ఇది తప్ప నాకేం వచ్చు?" అన్నాడు. ఆ రోజు నుంచి అద్దాలక్కకు ముద్ద దిగలేదు.

యజమాని చెడ్డవాడు కాదు, ఒట్టి బద్ధకస్తుడు. ఆ ఎక్స్‌రే చూశాక బద్ధకం దానంతటదే వదిలింది. రాయి తడుస్తూ తెగితే పొడి లేవదని రంపాలకు నీళ్ల గొట్టాలు పెట్టించాడు. పాలిష్ బల్లల దగ్గర దుమ్మును అక్కడికక్కడే లాగేసే గొట్టాలు బిగించాడు. ముఖానికి గట్టిగా అతుక్కునే మాస్కులు తెప్పించాడు. వీటన్నిటికీ అందరికన్నా ఎక్కువ సంబరపడింది అద్దాలక్కే. "నీళ్లు కట్టేసి కోశారో, చేతులు విరగ్గొడతా" అని రంపాల మధ్య కాపలా తిరిగింది. తమ్ముడి ప్రాణం ఆ నీళ్ల ధారలోనే ఉందని నమ్మింది పాపం.

గాలి బాగుపడిందో లేదో తేల్చడానికి యజమాని ఒకమ్మాయిని పిలిపించాడు. దుమ్ము కొలవడమే ఆ అమ్మాయి ఉద్యోగం. పనివాళ్ల కాలర్లకు సన్నటి గొట్టాలు తగిలించింది, బల్లల మీద చిన్న మిషన్లు పెట్టింది. అన్నీ చూసుకుని చివరికి తల గోక్కుంది.

"పొద్దుటంతా బాగానే ఉంది సార్. సాయంత్రమూ పర్లేదు. భోజనాల వేళే ఒక్కసారిగా పెరిగిపోతోంది. రంపాలన్నీ ఆగి ఉన్నప్పుడు అంత దుమ్ము ఎక్కణ్నుంచి వస్తోంది?"

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాలిష్ చేసే పొట్టివాడు మాత్రం చీపురు వైపు చూశాడు. అంతే, అద్దాలక్క భగ్గుమంది.

"రాయి కోసేది మీరు, పొడి చేసేది మీరు. ఎత్తిపోసేదాన్ని నేను. ఇప్పుడు దొంగని కూడా నేనేనా? నా నోట్లో మట్టి కొడదామని చూస్తున్నారా?"

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. నిన్నెవరేమన్నారక్కా?" అన్నాడు పొట్టివాడు. చీపురు వాడి మీదకు లేచింది. వాడు బల్ల కిందకు దూరాడు.

దుమ్ము కొలిచే అమ్మాయి నవ్వలేదు. "ఎవరినీ అనట్లేదమ్మా. నాకూ తెలీదు. చూస్తేనే తెలుస్తుంది."

"అయితే ఇప్పుడే చూడు. అందరి ముందూ ఊడుస్తా. దుమ్ము లేపానని చూపించావంటే ఈ చీపురు నీ ఎదురుగానే విరిచేస్తా."

అమ్మాయి అందరికీ మాస్కులు పెట్టించింది, ఆవిడకూ పెట్టింది. తలుపులు మూయించి, దీపాలు ఆర్పించి, బల్లకు అవతలి వైపున ఒక పెద్ద టార్చిలైటు నిలబెట్టింది. కళ్లలో పడే దుమ్ము కాసేపటికి నేలకు దిగిపోతుందనీ, ఛాతీలోకి పోయే సన్నదుమ్ము మామూలు వెలుతురులో కంటికి ఆనదనీ, వెలుగు ఎదురుగా పెట్టుకుంటేనే కనిపిస్తుందనీ చెప్పింది. తమ్ముడు రోజూ కూర్చునేచోటే కూర్చుని, తినేసిన డబ్బా ముందు పెట్టుకున్నాడు.

అద్దాలక్క నడుం వంచింది. ఆవిడ ఊడ్పు చూడాల్సిందే. చీపురు నేలను రుద్దదు, నిమురుతుంది. బల్ల చుట్టూ ఒక వరస ముగించి, "ఏదీ, ఎక్కడ?" అందామని తలెత్తింది.

టార్చి వెలుగులో చీపురు చివర నుంచి పొగలాంటిది లేస్తోంది. కిందికి దిగడం లేదు. తొందరేమీ లేనట్టు మెల్లగా పైకి తేలి, బల్ల మీదుగా సాగి, తమ్ముడి భుజాల మీద, జుట్టు చుట్టూ, ముందున్న డబ్బాలోకీ కమ్ముకుంది. చీపురు ఆపినా అది ఆగలేదు. వాడు దాని మధ్య కదలకుండా కూర్చుని అక్కనే చూస్తున్నాడు.

"రోజూ ఇదేనా?" అంది అద్దాలక్క.

ఆవిడ చీపురు విరవలేదు. విరిస్తే మళ్లీ లేస్తుందేమోనని భయపడినట్టు, పసిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా దాన్ని నేల మీద పెట్టి బయటికి వెళ్లిపోయింది. వాకిట్లో మెట్టు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. "నీళ్లు చల్లి ఊడ్చవే" అని చిన్నప్పుడు తల్లి లక్షసార్లు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. మెరుపు మోజులో పడి ఆ మాటను తుంగలో తొక్కింది తనే. ఆవిడ చేసింది తప్పే, కాదనను. కానీ అంత ప్రేమగా తప్పు చేసినవాళ్లని నేను తిట్టలేను.

మర్నాడు పనిలోకి వచ్చిన మనిషి వేరు. మొదటి పని, భోజనం బల్లను షెడ్డు బయటికి మోయించింది. దుమ్ము పీల్చే మిషను ఎలా వాడాలో ఆ అమ్మాయి దగ్గర కూర్చుని నేర్చుకుంది. ఇళ్లలో వాడే రకం కొంటే చాలదా అని యజమాని గొణిగితే, "అది ముందు నుంచి మింగి వెనక నుంచి వదిలేస్తుందట, దానికన్నా నా చీపురే నయం" అని నోరు మూయించింది. గట్టి వడపోత ఉన్న మిషనే వచ్చింది. దాని సంచి నిండితే దులపదు. మూతి కట్టి, ఇంకో సంచిలో పెట్టి మళ్లీ కట్టేస్తుంది. నేల మీద పొడిని నీళ్లతో తడిపి, ఆరకముందే రబ్బరు పలకతో గుంటలోకి తోసేస్తుంది. ఒకసారి పొట్టివాడు గాలి గొట్టం పెట్టి బట్టలు దులుపుకోబోయాడు. పైపు లాక్కుని, వాణ్ని నెత్తి నుంచి కాళ్ల దాకా మిషనుతో పీల్పించి గానీ వదల్లేదు. "ఇంకాస్తుంటే నేనూ సంచిలోకే పోయేవాణ్ని" అని వాడు ఇప్పటికీ చెప్పుకుంటాడు.

నేల మెరుపు పోయింది. ఎప్పుడు చూసినా బూడిదరంగు తడి, చారలు. పేరు కూడా మారింది, ఇప్పుడు వానక్క. "వానొస్తోంది, ప్యాంట్లు మడవండ్రా!" అని దూరం నుంచే అరుస్తారు. రాయి చూడ్డానికి వచ్చిన ఒక పెద్దమనిషి ఓసారి బూట్లు ఎత్తి ఎత్తి వేస్తూ, "ఇదేంటమ్మా, ఇంత బురదగా ఉంచారు?" అన్నాడు. ఒకప్పుడైతే ఆ మాటకు ఆవిడ సిగ్గుతో చచ్చిపోయేది.

"బురద కాళ్ల దాకానే సారూ. కడుక్కుంటే పోతుంది" అంది.

తమ్ముణ్ని రంపం దగ్గర నుంచి లేపడానికి మాత్రం ఆవిడ పడరాని పాట్లు పడింది. తిట్టింది, అలిగింది, చివరికి యజమాని కాళ్లకు అడ్డం పడ్డంత పని చేసింది. ఇళ్లకు వెళ్లి వంటగదుల కొలతలు తీసుకొచ్చే పని ఇప్పించాక గానీ స్థిమితపడలేదు. దగ్గు పోలేదు. కానీ పెరగలేదని డాక్టరు అన్నాడు.

ఒక మధ్యాహ్నం వాడు కొలతలు ఇచ్చిపోవడానికి వచ్చాడు. బయట బల్ల మీద అక్కాతమ్ముళ్లిద్దరూ డబ్బాలు విప్పారు. ఆవిడ చాలాకాలంగా నమిలి మింగుతున్న మాట అప్పుడు బయటపడింది.

"ఒరేయ్, నిజం చెప్పు. నీ మచ్చల్లో నా చీపురువెన్ని?"

లేవని వాడు అనొచ్చు. కానీ తన అబద్ధాలన్నీ చిన్నప్పటి నుంచి పట్టేసిన మనిషి ఆవిడ.

"ఉంటాయక్కా. రంపానివి ఎక్కువ. మాస్కులొచ్చాక కూడా గడ్డం కిందకు లాక్కున్న నా తెలివితేటలవి కొన్ని. నీవీ కొన్ని ఉంటాయి."

ఆవిడ తలూపింది. తన డబ్బాలోంచి ఒక ముద్ద తీసి వాడి డబ్బాలో పెట్టింది. వాడు వద్దనకుండా తిన్నాడు.

సాయంత్రం ఇద్దరూ కలిసే ఇంటికి వచ్చారు. మేడ మెట్లు ఎక్కుతుంటే సగంలో వాడు ఆగి గోడకేసి తిరిగాడు. పై మెట్టు దాకా వెళ్లిన అక్క మళ్లీ దిగి వచ్చింది. ఏంట్రా చూస్తున్నావని ఈసారి అడగలేదు. చేతిసంచి కింద పెట్టి వాడి పక్కన నిలబడింది.

"అవునురా" అంది. "రంగు బాగా పోయింది. వేయించాలి."

వాడికి ఊపిరి అందేదాకా ఇద్దరూ ఆ గోడనే చూస్తూ నిలబడ్డారు.