బండరేవు కాడ మానస

మా కాలనీ కుళాయి దగ్గర మానస గురించి ఒక మాట తిరిగేది. అది మా అవ్వను బుట్టలో వేసుకుందని, ప్రతి ఆదివారం వచ్చి తలుపు దగ్గరికి వేసుకొని అవ్వ నోట్లోని పోరాటం ముచ్చట్లన్నీ గుంజుకుపోతోందని, వ్యాన్లలో వచ్చేవాళ్లకు అవన్నీ తన ఇంటివన్నట్టు చెబుతోందని. “మగ్గం నేసెటోళ్ల పిల్లకు మన ముచ్చట్లతోని ఏం పని?” అని ఒకామె అంటే మిగతావాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. కాదని కూడా అనలేదు. ఆ మాట వింటుంటే నాకు హాయిగా ఉండేది.

మా అవ్వ పేరు బిక్షమ్మ. ఎనభై దాటాయి. డెబ్బై ఏళ్ల కిందట దొరల మీద సాయుధ పోరాటం నడిచినప్పుడు ఆమె అన్న ఏసోబు దళంలో ఉండేవాడు. నల్లమల నుంచి ఏరు దాటి వస్తుంటే, బండరేవులో పుట్టి పడవ దిగేటప్పుడు పోలీసులు కాల్చి చంపారు. నాకు తెలిసింది అంతే. నేనెప్పుడూ అడగలేదు. ఎనిమిదో తరగతిలో బాపు దవాఖాన పాలైతే నా బడి ఆగింది. అప్పటి నుంచి మనుషుల ముందు నోరు తెరవాలంటే వెనక్కి జరుగుతాను.

మానస అలా కాదు. దేవరకొండ పిల్ల, నాకంటే రెండేళ్లు పెద్ద, డిగ్రీ చదివింది. బస్సు దిగి మా ఇంటికి వస్తే అవ్వ మొహం వెలిగిపోయేది. నాకు వేసే రొట్టె మాడినా పట్టించుకోని అవ్వ, ఆమెకు మాత్రం మెత్తగా కాల్చమనేది. నేను బయట గిన్నెలు తోముతూ చెవులు అటే పెట్టేదాన్ని. “నీళ్లు”, “ఎర్ర తువాల” లాంటి ముక్కలు తప్ప ఏమీ వినబడేవి కావు.

2019 ఫిబ్రవరిలో ఒక ఆదివారం విజేందర్ సారు హైదరాబాదు నుంచి పన్నెండు మందిని తీసుకొచ్చాడు. ఆయన రిటైరైన టీచరు. పోరాటం జరిగిన జాగాలన్నీ ఒక్క రోజులో తిప్పి చూపిస్తాడు. ఇకమీదట ప్రతి నెలా రావాలని, చెప్పడానికి ఇక్కడి మనిషిని ఒకరిని ఖాయం చేయాలని ఆయన అనుకుంటున్నాడు. ఆ మనిషి మానసే అని అందరికీ తెలుసు. ఆ మనిషి నేను కావాలని ఉందని మాత్రం ఎవరికీ తెలియదు. నన్ను రొట్టెల గంపతో వ్యాను వెనక సీట్లో కూర్చోబెట్టారు.

ముందు దొర గడీకి పోయాం. గోడలో తూటాల గుంతలను మానస వేలితో చూపించింది. అందరూ ఆ వేలు వంకే చూశారు. తర్వాత దళం కాపలా కాసిన గుట్ట. ఎండలో ఎక్కుతూ కూడా ఆమె గొంతు వణకలేదు. నేను ప్రతి మాటా పట్టి చూస్తున్నాను, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని. మధ్యాహ్నానికి బండరేవు చేరాం. అక్కడ దొరికింది.

మానస ఒడ్డున నిలబడి, పుట్టి ఇక్కడే ఆగిందని, ఏసోబు ఇక్కడే పడిపోయాడని చెప్పింది. వచ్చినవాళ్లలో ఒక పెద్దామె వంగి, గుప్పెడు మట్టి తీసి చేతిరుమాలులో మూట కట్టుకుంది. కళ్లు తుడుచుకుంది.

ఆ మట్టి మీద ఏసోబు అడుగు కూడా పడలేదు. డ్యాం కట్టినప్పుడు మా ఊరు మునిగింది. పైకొచ్చిన మావాళ్లు పాత ఊరి పేర్లన్నీ మోసుకొచ్చి ఇక్కడి జాగాలకు పెట్టుకున్నారు. కొత్తగా తవ్విన బావిని కూడా మేం పాత బావి అనే అంటాం. అవ్వ బండరేవు అంటే మానస ఇదే అనుకుంది.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “అమ్మా, గది గాదు. గిది మేం పేరు పెట్టుకున్న రేవు. అసలు బండరేవు నీళ్ల కింద ఉన్నది.”

అందరూ నా వైపు తిరిగారు. మానస మొహం మాడిపోతే చూడాలని నేనూ అటు తిరిగాను. మాడలేదు.

“నాకు తెల్వదు రూపా,” అంది. “యాడున్నదో జర చూపెట్టు.”

నేను చెయ్యి చాపాను. ఎండాకాలం నీళ్లు తగ్గితే దూరంగా రెండు బండలు తేలతాయని, ఆ నడుమ పుట్టి దిగేదని చెప్పాను. మానస చెప్పులు విడిచి మోకాలి దాకా నీళ్లలోకి నడిచింది. దొరికిపోయి కూడా అందరి చూపూ తనమీదకే లాక్కుందని నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే నాకు తెలిసిందంతా చెప్పేశాను. మునిగిన ఊరు, దాని వాడలు, పుట్టి తిప్పేవాళ్లు. విజేందర్ సారు చివరిదాకా విన్నాడు. వచ్చే నెల నుంచి రేవు దగ్గర నువ్వే చెప్పాలి బిడ్డా అన్నాడు. మానస నీళ్లలో నుంచే తలూపింది. అందరూ రొట్టెలు తిన్నారు. ఆమె తినలేదు.

సాయంత్రం ఇల్లు చేరగానే అవ్వకు చెప్పాను. నీ మానస తప్పు చెప్పింది, పన్నెండు మంది ముందు నేను దిద్దాను అన్నాను.

అవ్వ ఆ పన్నెండు మంది గురించి అడగలేదు. “పిల్ల ఏడ్సిందా?” అంది.

“దానికేం ఏడుపు? సచ్చింది మన ఏసోబు తాత గదా.”

“ఏసోబు ముచ్చట నేనే చెప్పుమన్న. రెండో మనిషిది చెప్పనీకి దానికి నోరు రాదు.”

అప్పుడు అడిగాను, మొదటిసారి. అవ్వ చెప్పింది. ఆ రోజు పుట్టిలో చనిపోయింది ఇద్దరు. రెండో అతను దేవరకొండ నేతకారుడు, ఇరవై ఏళ్లవాడు. బతకడానికి దేశం పోతున్నానని, షోలాపూర్ మిల్లుల్లో పని చేస్తానని ఇంట్లో చెప్పి దళంలోకి వచ్చాడు. షోలాపూర్‌లోనే తప్పిపోయాడని వాళ్లింట్లో ఒక్క పిల్ల తప్ప అందరూ ఈనాటికీ అనుకుంటున్నారు. అతన్ని చివరిగా చూసిన మనుషుల్లో బతికున్నది మా అవ్వ ఒక్కతే. అతని పేరు రాజం. మానస వాళ్ల తాతకు సొంత అన్న.