వాపసు వచ్చిన జూమ్ లెన్సు

2007 నాటి మాట. బిలాస్‌పూర్ స్టేషన్‌కు వెళ్ళే దారిలో నాకు కెమెరాల దుకాణం ఉంది. రైల్వే క్వార్టర్లలోకి డిజిటల్ ఎస్సెల్లార్లు, అంటే లెన్సు విప్పి మార్చుకోగల కెమెరాలు, అప్పుడప్పుడే వస్తున్నాయి. పాసు తీసుకుని కుటుంబంతో ఊళ్ళు తిరిగే రైల్వేవాళ్ళే నా గిరాకీ. అందరిదీ ఒకటే ప్రశ్న: ఎన్ని లెన్సులు మొయ్యాలి?

నా జవాబూ ఒకటే. ఒక్కటి. 18-200 జూమ్. పద్దెనిమిది దగ్గర పెడితే రైలు పెట్టెలో ఎదురు బెర్తు మొత్తం పడుతుంది. రెండొందలకు తిప్పితే ఎదుటి కొండ మీద మేక గడ్డం కనిపిస్తుంది. రెండు వేరు వేరు లెన్సులు కొంటే బొమ్మ ఇంకాస్త పదునుగా వస్తుందన్నది నిజమే. కానీ పరుపుచుట్ట, టిఫిన్ క్యారియరు, పిల్లల్ని పట్టుకుని రైలెక్కే మనిషికి లెన్సు మార్చే తీరికెక్కడిది? పైగా ఈ ఊరి బొగ్గుపొడిలో లెన్సు విప్పితే దుమ్ము లోపల సెన్సారు మీద కూర్చుంటుంది. ఆ తర్వాత తీసిన ప్రతి ఫోటోలోనూ మచ్చే. ఈ విషయంలో నాతో వాదించి గెలిచినవాళ్ళు లేరు.

సన్యాసిరావు గారూ గెలవలేదు. ఆయన గూడ్సు బండి డ్రైవరు. తాతల కాలంలో విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. డార్జిలింగ్ ప్రయాణానికని ఆ లెన్సే కొన్నారు. తిరిగొచ్చిన వారానికి, ఒక మధ్యాహ్నం, భార్య పైడితల్లితో సహా దుకాణానికి వచ్చి కెమెరాను కౌంటరు మీద పెట్టారు.

"సెల్లెమ్మా, మంచి సరుకని సెప్పి పాడు లెన్సు అంటగట్టీసావు. వాపసు తీసీసుకో."

"ఏటైంది అన్నయ్యా?"

"నాను తియ్యనివన్నీ ఫోటోల్లో పడిపోతన్నాయి!"

ఫోటోలు చూశాను. డార్జిలింగ్ కొండల బొమ్మ రైలు నడిమధ్య నిటారుగా ఉంది. ఎడమ అంచున ఎవరిదో వీపు. ఇంకో దాంట్లో చెత్తడబ్బా. మరో దాంట్లో పైడితల్లి తమ్ముడి సగం మొహం.

"మా తమ్ముణ్ణి నిలువునా కోసీసినారు. పగ తీర్సుకున్నారనుకున్నాను," అందావిడ.

"నీ తమ్ముడు నాకు కనిపిస్తే కదా, కొయ్యడానికి!"

నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు చెప్పాను. ఈ తరహా కెమెరాల్లో వ్యూఫైండరు, కన్ను ఆనించి చూసే కిటికీ, అంచుల్ని కొద్దిగా కత్తిరించి చూపిస్తుంది, కనుక ఫోటోలో కాస్త ఎక్కువే పడుతుంది అన్నాను.

"కాస్తేటమ్మా? మనిషి పడిపోతన్నాడు!"

అది న్యాయమైన మాట. ఆ కత్తిరింపులో బావమరిది పట్టడు. పైగా అదనం పడితే నాలుగు వైపులా పడాలి, ఎడమ పక్కే ఎందుకు పడుతుంది?

పైడితల్లిని ఎడమ పక్క రాక్ దగ్గర నిలబెట్టి, ఆయన్ని ఫోటో తియ్యమన్నాను.

"మీ వదిన ఇందులో లేదు. ఇంకా ఇటు జరగమను," అంటూనే మీట నొక్కారు. తెర మీద ఆవిడ తల నుంచి పాదాల దాకా ఉంది. లెన్సు మార్చి ఇచ్చాను. అదే తంతు. నేను కన్ను పెట్టి చూశాను. కిటికీలో ఎడమ పక్కన పైడితల్లి చక్కగా నిలబడి నన్నే చూస్తోంది.

"అయితే కెమెరాయే పాడు," అన్నారాయన.

"కెమెరా పాడైతే వదిన నాకెలా కనిపించింది?"

ఆ మాట అన్నాక నాకే అనుమానం వచ్చింది. "ఈ మధ్య గుమ్మాలకీ వాటికీ తగులుతున్నారా?" అని అడిగాను.

పైడితల్లే చెప్పింది. "సర్కండా బజార్లో ఎడం పక్కనించి ఆటో వొచ్చి రాసుకుపోనాది. ద్యాస లేదని నానే తిట్టినాను."

"అచ్ఛా, ఇప్పుడు నా కళ్ళ మీద పడ్డారా? కిందటి మెడికల్లో అక్షరాలన్నీ గడగడా సదివీసినాను!"

"అక్షరాలు ఎదురుగా ఉంటాయి అన్నయ్యా."

"సాయంత్రం డ్యూటీ ఉంది. ఖాళీ వ్యాగన్ల రేకు కోర్బా పట్టుకెళ్ళాలి. నీతో వాదించే టైము నాకు లేదు."

అప్పుడు పట్టుకుంది భయం. రైల్వే కాలనీలో పెరిగినదాన్ని. ఇంజనులో డ్రైవరు సీటు ఎడమ పక్కే. సిగ్నళ్ళూ మామూలుగా ఆ పక్కే. కళ్ళు పోయాయని తేలితే ఆయన్ని ఇంజను దింపేసి ఏ ఆఫీసు బల్ల దగ్గరో కూర్చోబెడతారనీ తెలుసు. ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు.

"ఒక్కసారి చూద్దాం. రెండు కళ్ళూ తెరిచి ఎదుటి గడియారాన్నే చూడండి. వదిన ఎడమ పక్క నుంచి నడిచొస్తుంది. కనిపించగానే చెప్పండి."

విసుక్కుంటూనే నిలబడ్డారు. పైడితల్లి నేను చెప్పకుండానే చెప్పులు విడిచింది. గోడ వారనుంచి బయల్దేరింది. రాక్ దాటింది. కౌంటరు మూల దాటింది. చెయ్యి చాస్తే ఆయన భుజం తగిలేంత దగ్గరికి వచ్చింది.

"పంపించవేటి?" అన్నారాయన, గడియారాన్నే చూస్తూ. "ఇంకా బయల్దేరలేదేటి?"

ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. చేతి గాజుల చప్పుడుకు ఆయన తల తిప్పారు. భార్య ఎక్కడుందో చూశారు.

"కోర్బా దారిలో గతౌరా దగ్గర గ్యాంగ్‌వాళ్ళు పట్టాల పని సేస్తన్నారు," అన్నారు. మాతో కాదు. మళ్ళీ తనే సర్దుకున్నారు. "పక్కన అసిస్టెంటు ఉంటాడు కదా. సిగ్నల్ ఏ రంగో గట్టిగా సెప్తాడు."

"అసిస్టెంటు మీ కన్ను కాదు! ఒంట్లో బాగాలేదని సిక్ రాయించుకుంటారా, ఇంజన్ల షెడ్డుకొచ్చి నన్ను అరవమంటారా?"

"ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క సిగ్నల్ తప్పలేదు. లెన్సులమ్ముకునేదానివి, నువ్వేటి అరిసేది?"

"అరుస్తాను. నా గొంతు కాలనీకంతా తెలుసు."

"ఆవిడ అరవక్కర్లేదు," అంది పైడితల్లి మెల్లగా. "షెడ్డుకి నాను వెళ్తాను."

నా అరుపులకు బెదరని మనిషి ఆ మాటకు తల దించుకున్నారు. షెడ్డుకు ఫోను చేసి, "సన్యాసిరావ్ బోల్ రహా హూఁ. సిక్ లిఖ్ లీజియే," అన్నారు, సిక్ రాసుకోమని. అవతలివాళ్ళు కారణం అడిగినట్టున్నారు. "ఆంఖ్," అన్నారు చివరికి. కన్ను.

ఆసుపత్రిలో నీటికాసులన్నారు. కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పి లేకుండా, చూపును పక్కలనుంచి తినేసే జబ్బు. ఎడమ కన్ను ఎక్కువ పోయింది, కుడి కంట్లోనూ ఎడమ వైపు చూపు పోయింది. పోయింది రాదు. మిగిలింది నిలబడడానికి చుక్కల మందు. ఆయన్ని ఇంజను దింపి షెడ్డు ఆఫీసులో వేశారు. కొన్ని నెలలపాటు బజారులో నన్ను పలకరించకుండానే వెళ్ళిపోయేవారు. కోపమో, నేను ఎడమ పక్కన ఉన్నానో తెలియక, దాటుకుని కుడి పక్కకు వెళ్ళి చూశాను. కోపమే. ఉండనీ అనుకున్నాను.

లెన్సులో లోపం లేదు, అందుకని వాపసు తీసుకోలేదు. కానీ ఆయన అబద్ధమూ చెప్పలేదు. తనకు కనిపించింది ఒకటి, పడింది ఇంకొకటి అన్నారు, అంతే. ఇప్పుడు ఎవరైనా సరుకు బాగాలేదని వస్తే ముందు నా పాఠం విప్పను. నీకేం కనిపిస్తోంది అని అడుగుతాను. అదే చోట నిలబడి నేనూ చూస్తాను. ఇద్దరి చూపుకీ తేడా ఎక్కడుందో తేలేదాకా వాదన మొదలుపెట్టను. తేలాక మాత్రం ఎవరినీ వదలను.