కృష్ణానగర్‌లో ఉత్తుత్తి కాపురం

తొంభైల మొదట్లో కృష్ణానగర్‌లో గది దొరకాలంటే పక్కన పెళ్లాం ఉండాలి. నేను అసిస్టెంట్ డైరెక్టర్‌ని. రెండేళ్లలో నాలుగు గదులు ఖాళీ చేయించారు. పగలంతా హీరోకి ప్రేమ డైలాగులు అందించి, సాయంత్రం ట్రంకుపెట్టెతో రోడ్డున పడ్డ రోజులున్నాయి.

మా షూటింగులకు వచ్చే ఒక జూనియర్ ఆర్టిస్టుదీ అదే గతి. ఒంటరి ఆడది కాబట్టి ఇంకా ఘోరం. ముప్పై దాటిన మనిషి, తక్కువ మాట్లాడేది. మొగుడూ పెళ్లాలమని చెప్పి ఒకే గది తీసుకుందామన్న ఆలోచన ఆమెదే. ఒక్కటే షరతు: లోపల ఎవరి బతుకు వాళ్లది.

ఓనరమ్మ పెళ్లి ఫోటో చూపించమంది. అదృష్టం, మాకు పెళ్లి సెట్ వేసి ఉంది. అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు ఇద్దరం పీటల మీద కూర్చున్నాం, స్టిల్ ఫోటోగ్రాఫర్ క్లిక్‌మనిపించాడు. పట్టుచీర వెనక్కిచ్చేదాకా కాస్ట్యూమర్ ఆమె పక్కనుంచి కదల్లేదు. ఓనరమ్మ ఆ ఫోటో చూసి మురిసిపోయి తాళం చేతికిచ్చింది.

గది మధ్య దుప్పటి కట్టాం. ఓనరమ్మ నెలనెలా విశేషమేమైనా ఉందా అని అడిగితే ఆమె నవ్వి ఊరుకునేది. తలుపేసుకున్నాక దుప్పటి అవతల కూనిరాగం తీసుకునేది. పుట్టింట్లో, సెట్లో, బస్సులో అందరూ పెళ్లెప్పుడని అడిగి ప్రాణం తీసేవాళ్లట. అడగని చోటు ఈ గదొక్కటేనని ఓసారి అంది.

ఏడాది గడిచింది. వీధంతా నన్ను ఆమె మొగుడని అంటూంటే నాకూ బుర్ర తిరిగింది. ఓ ఆదివారం పొద్దున టీ గ్లాసు అందిస్తూ, ఎలాగూ లోకం నమ్మింది కదా, నిజంగానే పెళ్లి చేసుకుందామా అన్నాను.

ఆమె గ్లాసు కింద పెట్టేసింది.

"మీరూ అడిగారా?" అంది.

ఆ గొంతులో కోపం లేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మధ్యాహ్నానికి పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది. ఎక్కడికని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

ఇక నన్ను పొమ్మంటారనుకున్నాను. ఓనరమ్మ పప్పుగిన్నె పట్టుకుని వచ్చింది. పెళ్లాం వదిలేసిన మగాడి మీద ఆవిడకు జాలి.

"ఎవనితోనన్న పోయిందా బిడ్డా?" అని అడిగింది.

కాదంటే ఎందుకు పోయిందో చెప్పాలి, అసలు పెళ్లే అబద్ధమని తేలుతుంది, గది పోతుంది. అవునన్నాను.

నెల తిరక్కుండానే ఆ మాట సెట్లదాకా పాకింది. తర్వాత కృష్ణానగర్‌లో ఆమెకు గది ఇచ్చినవాళ్లు లేరు. నేను మాత్రం అక్కడే ఇంకో మూడేళ్లున్నాను.